బయోమెడికల్ ఇంజనీరింగు: ఎవరు చదువవలెను? ఎందులకు చదువవలెను?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపులు మూయకుండ నడచుట సామాన్య విషయము కాదు. చందాలు వసూలు చేసినవారును, సాయంకాలము వచ్చి పత్రికలు సర్దిపెట్టినవారును, తీసికొనిపోయిన పుస్తకమును చిరుగకుండ తెచ్చి యిచ్చిన పాఠకులును, అందరును ఈ ఉత్సవమునకు కర్తలే. వారిని కొనియాడు పనిని నాకంటె చక్కగా చేయగల పెద్దలు వేదికమీద నున్నారు. కార్యవర్గమువారు నాకు వేరొక పని యప్పగించినారు. ఇంటర్మీడియట్ ముగించిన పిల్లలును వారి తలిదండ్రులును వేసవిలో గ్రంథాలయమునకు వచ్చి, ఏ శాఖలో చేరిన మంచిదని అడుగుచున్నారట. ఆ ప్రశ్నలలో ఇటీవల వినవచ్చుచున్న పేరు బయోమెడికల్ ఇంజనీరింగు. దానినిగూర్చి ఉన్నది ఉన్నట్లు చెప్పుమన్నారు. కావున నేను పొగడుటకు గాని నిందించుటకు గాని పూనుకొనక, ఆ విద్య స్వరూపమును, అందలి లాభనష్టములను మనవిచేసెదను.

ఆ పేరు విని కొందరు ఇది సగము డాక్టరు చదువనుకొనుచున్నారు. అది సరికాదు. ఇది పూర్తిగా ఇంజనీరింగు చదువు. నదిపై వంతెన కట్టు ఇంజనీరు ఆ నది వరదకాలమున ఎట్లు పొంగునో తెలిసికొనవలసినట్లే, ఈ ఇంజనీరు గుండె ఎట్లు కొట్టుకొనునో, ఊపిరితిత్తులు ఎట్లు నిండునో, ఎముక ఎంత బరువు మోయునో తెలిసికొనవలెను. నది తెలిసినంతమాత్రమున వంతెన ఇంజనీరు పడవ నడుపువాడు కానట్లే, శరీరము తెలిసినంతమాత్రమున ఇతడు వైద్యుడు కాడు. చికిత్స చేయుటకు, మందు వ్రాయుటకు ఇతనికి అధికారము లేదు. వైద్యుని చేతిలోని పనిముట్టును తయారుచేయుట, దానిని సరిగా పనిచేయించుట, అది రోగికి హాని చేయకుండ కాచుట, ఇవి యితని విధులు.

ఒక ఉదాహరణము చెప్పెదను. గుండె పరీక్షకు తీయు ఇ.సి.జి. మీలో చాలమంది యెరిగినదే. గుండె కొట్టుకొనునపుడు దానిలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. చర్మము మీదికి వచ్చునప్పటికి దాని బలము ఇంచుమించు ఒక మిల్లీవోల్టు. మన యింటి విద్యుత్తు బలము 230 వోల్టులు, అనగా దానికి రెండు లక్షల ముప్పది వేల రెట్లు. ఆ యింటి తీగల ప్రభావము రోగి శరీరముపై గూడ పడుచునే యుండును. జాతరలో మైకులు హోరెత్తుచుండగా చంకలోని పసిపాప మూలుగు వినవలసివచ్చినట్లు, ఆ హోరునుండి గుండె పలుకును వేరుచేసి కాగితము మీద గీయవలెను. నెదర్లాండ్స్ దేశపు శాస్త్రజ్ఞుడు విల్లెమ్ ఐంథోవెన్ ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఈ పని సాధించి 1924లో నోబెల్ బహుమానము నొందెను. ఆయన తొలి యంత్రము బరువు సుమారు 270 కిలోలు. దానిని నడుపుటకు ఐదుగురు మనుష్యులు కావలసివచ్చిరి. నేడు అదే పని చేయు పరికరము అరచేతిలో ఇముడుచున్నది. ఆ 270 కిలోలకును ఈ అరచేతికిని నడుమనున్న దూరమును నడిచినవారు ముఖ్యముగా ఇంజనీర్లు.

ఈ విద్యలో కల్పన యెట్లు పుట్టునో తెలుపు కథ మరియొకటి కలదు. అమెరికాలోని మినియాపోలిస్ నగరమున 1950 దశాబ్దిలో శిశువుల గుండెకు శస్త్రచికిత్స చేయుచుండిరి. చికిత్స తరువాత కొందరి గుండె నెమ్మదించి ఆగిపోవుచుండగా, గోడలోని విద్యుత్తుతో పనిచేయు యంత్రముతో దానిని కొట్టించుచుండిరి. 1957 అక్టోబరు 31న ఆ ప్రాంతమున విద్యుత్తు నిలిచిపోయినది. అప్పుడు ఒక శిశువు మరణించెనని ఆ చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. ఆ వైద్యశాల యంత్రములను బాగుచేయుచుండిన ఎర్ల్ బాకెన్ అను ఎలక్ట్రికల్ ఇంజనీరును పిలిచి డాక్టరు లిల్లెహై బ్యాటరీతో నడుచు పరికరము కావలెనని కోరెను. బాకెన్‌కు తాను చదివిన ఒక ఎలక్ట్రానిక్స్ మాసపత్రికలోని బొమ్మ జ్ఞప్తికి వచ్చినది. అది సంగీతము నేర్చుకొనువారికి తాళము వేయు చిన్న యంత్రపు నిర్మాణము. తాళము వేయు ఆ పద్ధతినే మార్చి, నాలుగు వారములలో గుండెకు తాళము వేయు పెట్టెను తయారుచేసెను. కరెంటు పోవుట యనునది మన గ్రామములకు క్రొత్త సంగతి కాదు. ఒక పత్రికలోని ఒక పుట, చదివినవాని మనస్సులో నిలిచి, పసివారి ప్రాణములు కాపాడినదన్న సంగతిని గ్రంథాలయ సభలో చెప్పకుండ ఉండజాలను.

మరుసటి యేడు, అనగా 1958 అక్టోబరులో, స్వీడన్ దేశమున రూనె ఎల్మ్‌క్విస్ట్ నిర్మించిన పేస్‌మేకరును డాక్టరు సెన్నింగ్ ఆర్నె లార్సన్ అను రోగి శరీరములోనే అమర్చెను. అది కొన్ని గంటలు మాత్రమే పనిచేసినది. దానిని తీసి మరియొకటి, అది చెడిన పిదప ఇంకొకటి, ఇట్లు జీవితకాలములో ఇరువదికి పైగా యంత్రములను మార్చుకొని ఆ లార్సన్ 2001 వరకు జీవించెను. తనను బ్రతికించిన నిర్మాతకంటెను, వైద్యునికంటెను ఎక్కువ కాలము బ్రతికెను.

ఇవి దూరదేశపు సంగతులని తోచవచ్చును. మన దేశమునకు వత్తము. జైపూరు నగరమున 1968 ప్రాంతమున డాక్టరు పి.కె. సేథీ అను ఎముకల వైద్యుడును, రామచంద్ర శర్మ అను శిల్పియు గూడి రబ్బరుతో కృత్రిమ పాదమును చేసిరి. అంతకు ముందు విదేశపు పాదములకు బూటు తప్పనిసరి. వానితో బురదలో దిగుటకు, నేలపై మఠము వేసి కూర్చుండుటకు, చెప్పులు లేక నడచుటకు వీలు లేదు. పొలము పనిచేయు రైతుకు అట్టి కాలు ఉన్నను లేనట్లే. శర్మకు పెద్ద చదువు లేదు, చేతిలో విద్య కలదు. సేథీ 1981లో మెగసెసే పురస్కారము నందుకొనెను. ఇందు మనము గ్రహింపవలసినది, వాడువాని బ్రతుకు తెలియనివాడు చేసిన యంత్రము ఎంత గొప్పదైనను కుదురదనియే.

హైదరాబాదులో అబ్దుల్ కలాముగారు రక్షణ పరిశోధనశాలకు అధిపతిగా నున్న కాలమున జరిగిన సంగతి వారే పలుమారులు చెప్పియున్నారు. నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు ఆ పరిశోధనశాలకు వచ్చి, క్షిపణుల కొరకు చేసిన తేలికైన పదార్థమును చేతితో ఎత్తి చూచి, కలాముగారిని తమ ఆసుపత్రికి తీసికొనిపోయిరి. అక్కడ పోలియో సోకిన పిల్లలు ఒక్కొక్కటి మూడు కిలోలకు పైబడిన లోహపు ఊతలను కాళ్లకు కట్టుకొని ఈడ్చుకొనుచు నడచుచుండిరి. మూడు వారములలో సుమారు 300 గ్రాముల ఊతలు తయారైనవి. పిల్లలు పరుగెత్తసాగిరి, తల్లుల కన్నులు చెమర్చినవి. క్షిపణులు చేసిన దానికంటె ఇది తమకు ఎక్కువ ఆనందము కలిగించినదని వారు చెప్పుకొనిరి.

ఇక తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ. అచ్చట డాక్టరు వలియత్తాన్ నాయకత్వమున వైద్యులును ఇంజనీర్లును కలిసి గుండె కవాటమును నిర్మింప బూనిరి. విదేశపు కవాటము కొనజాలని బీదరోగులు మనకు లెక్కకు మిక్కిలి యుండుటయే కారణము. నిమిషమునకు 72 సార్లు కొట్టుకొను గుండెలో కవాటము ఏటికి సుమారు 3 కోట్ల 78 లక్షల సార్లు తెరచుకొని మూసికొనవలెను. ఒక్కసారి పొరపాటైనను ప్రాణాపాయము. తొలి నమూనాలు విఫలమైనవి. పరీక్షలో విరిగినవి, అరిగినవి. సంవత్సరములు గడచినవి. తుదకు నాల్గవ నమూనా నిలిచినది. 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చిరి. తరువాత లక్షకు పైబడిన కవాటములు రోగులకు చేరినవి. ఈ విద్యలో ప్రవేశింపగోరు పిల్లలు ఆ తొలి నమూనాల సంగతి మరువరాదు. ఇందు ఫలితము ఆలస్యముగా వచ్చును. పరీక్షింపని వస్తువును మనుష్యుని శరీరములో పెట్టుటకు వీలులేదు గదా!

మన శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను కుంగదీసినదో పత్రికలలో చదివియున్నారు. ఆ వ్యాధికి కారణము ఇంకను నిశ్చయముగా తేలలేదు. మూత్రపిండములు పూర్తిగా చెడినవారికి డయాలిసిస్ శరణ్యము. ఆ యంత్రమును మొదట విల్లెమ్ కోల్ఫ్ అను డచ్చి వైద్యుడు 1943లో, యుద్ధపు కరవులో, మాంసపు వంటకములకు తొడుగుగా వాడు సెల్లోఫేన్ గొట్టముతో నిర్మించెను. రెండేండ్లు రోగులు దక్కలేదు. 1945లో ఒక వృద్ధురాలు బ్రతికినది. నేటి యంత్రములో రక్తము ఒక ప్రక్క, శుద్ధిచేసిన ద్రవము మరియొక ప్రక్క, నడుమ సన్నని పొర. నిమిషమునకు అరలీటరు చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల ద్రవము రోగి రక్తమునకు పొరచాటున ప్రవహించును. ఆ నీటిలో మలినమున్నచో అది రక్తములోనికి పోవును. మనము త్రాగు నీటిని కడుపు కొంత వడపోయును. ఈ నీటికి అట్టి కాపు లేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండముల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రిని ప్రారంభించిరి. భవనము కట్టవచ్చును, యంత్రము కొనవచ్చును. ప్రతిదినము ఆ నీటిని పరీక్షించువాడు, పంపును సరిచూచువాడు, హెచ్చరిక గంట ఎందుకు మ్రోగెనో తెలిసినవాడు లేనిచో ఆ ఖర్చు అంతయు వ్యర్థము.

ఈ మాట ఊహగా చెప్పుట లేదు. కేంద్ర ఆరోగ్యశాఖ ప్రభుత్వ ఆసుపత్రులలోని పరికరములను లెక్కవేయించినపుడు, రాష్ట్రమును బట్టి నూటికి 13 మొదలు 34 వరకు పనిచేయక పడియున్నట్లు తేలినది. అందుచేత 2015లో పరికరముల సంరక్షణకు ప్రత్యేక పథకము పెట్టిరి. వందకు ముప్పదినాలుగు యంత్రములు మూలబడిన చోట క్రొత్త యంత్రము కొనుటకంటె పాతదానిని నడిపించు మనిషిని తయారుచేయుట మేలు కాదా?

మరియొక సంగతి. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి వచ్చినపుడు వ్రేలికి తగిలించు ఆక్సిమీటరు పల్లెపల్లెకు చేరినది. దాని మూలసూత్రమును జపాను ఇంజనీరు తాకువో ఆవోయాగి 1974లో వెల్లడించెను. ఎరుపు కాంతిని, కంటికి కనబడని పరారుణ కాంతిని వ్రేలిగుండ పంపి, రక్తము దేనిని ఎంత పీల్చుకొనెనో కొలుచుటయే ఆ సూత్రము. అయితే 2020 డిసెంబరులో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన, నల్లజాతి రోగులలో ప్రాణవాయువు నిజముగా తగ్గియున్నను ఈ పరికరము సరిగానున్నదని చూపిన సందర్భములు తెల్లవారిలోకంటె దాదాపు మూడు రెట్లని తెలిపినది. యంత్రమునకు పక్షపాతము లేదని మనమనుకొందుము. కాని దానిని ఎవరి శరీరములపై సరిచూచిరో వారికే అది చక్కగా పలుకును. మన శరీరపు రంగుకు, మన యెండకు, మన దుమ్మునకు, మన కరెంటునకు తగినట్లు పరికరములను సరిచూడవలసినవారు మనవారే. మనము వాడు వైద్యపరికరములలో అధికభాగము నేటికిని దిగుమతియే గనుక ఈ అవసరము మరింత గట్టిది.

ఇక అసలు ప్రశ్న. మన పిల్లవాడు గాని పిల్ల గాని దీనిని డిగ్రీలో శాఖగా తీసికొనవలెనా?

మొదట అడ్డంకులు చెప్పెదను. వైద్యకళాశాలలో సీటు రాలేదు గనుక ఓదార్పుగా దీనిలో చేర్పించు తలిదండ్రులు కొందరున్నారు. అది ఆ బిడ్డకు మేలు కాదు. నాలుగేండ్లు గణితము, విద్యుత్ వలయములు, సంకేతముల విశ్లేషణము చదువవలసివచ్చినపుడు, డాక్టరు కావలెనన్న కోరిక తీరక, ఇంజనీరు కావలెనన్న ఇచ్ఛ పుట్టక, ఆ బిడ్డ రెండిటికి చెడిన రేవడి యగును. రెండవది, ఈ శాఖవారికి ఉద్యోగములు కంప్యూటరు శాఖవారికి ఉన్నన్ని లేవు. కళాశాలకు వచ్చి ఎంపిక చేసికొనిపోవు సంస్థలు తక్కువ. తామే వెదకికొనిపోవలెను. మూడవది, ఇందు శరీరశాస్త్రము, ఎలక్ట్రానిక్స్, యంత్రశాస్త్రము, పదార్థశాస్త్రము, కంప్యూటరు అన్నియు కొంచెము కొంచెముగా చెప్పుదురు. ఏదియు లోతుగా రాకపోవు ప్రమాదము కలదు. అందుచేతనే కొందరు పెద్దలు, ముందు ఎలక్ట్రానిక్స్ గాని మెకానికల్ గాని చదివి, పై చదువులో బయోమెడికల్ తీసికొనుమని సలహా చెప్పుచున్నారు. ఆ సలహాలో బలమున్నది. ఎటు పోవలెనో ఇంకను నిశ్చయించుకొనని పిల్లలకు నేనును అదే చెప్పెదను.

అయితే ఆ మార్గమునకును లోపమున్నది. నాలుగేండ్ల తరువాత శరీరశాస్త్రమును మొదలుపెట్టుట కష్టము. చాలమంది ఆ నడుమనే ఉద్యోగములో చేరి ఈ కోరికను మరచిపోవుదురు. కావున మూడు లక్షణములున్నవారు మొదటనే ఈ శాఖలో చేరవచ్చునని నా అభిప్రాయము. ఒకటి, గణితమును భయము లేక చేయగలుగుట. రెండు, చెడిన వస్తువును విప్పి చూచువరకు నిద్రపట్టని స్వభావము. మూడు, ఆసుపత్రిలో రోగి ప్రక్కన గంటసేపు నిలువగల ఓర్పు. మొదటి రెండును ఉండి మూడవది లేనిచో వేరు ఇంజనీరింగు మేలు. మూడవది మాత్రమే ఉన్నచో నర్సింగు మొదలగు సేవావిద్యలు మేలు. అవియు గౌరవనీయములే.

చేరదలచినవారు కళాశాలను గూర్చి కొన్ని ప్రశ్నలు వేయవలెను. శరీరశాస్త్రమును వైద్యులు చెప్పుదురా? ఏ ఆసుపత్రితో ఒప్పందమున్నది, విద్యార్థులు అచ్చట ఎన్ని వారములు పనిచేయుదురు? ప్రయోగశాలలోని యంత్రములను విద్యార్థి విప్పవచ్చునా, లేక అద్దాల బీరువాలో చూచుటయేనా? క్రిందటి యేడు ముగించినవారు ఇప్పుడు ఎక్కడ నున్నారు? భవనముల రంగు చూచి మోసపోరాదు, ఈ నాలుగు ప్రశ్నలకు సూటిగా సమాధానము చెప్పని చోట డబ్బు కట్టరాదు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమునను, సంగారెడ్డి సమీపమున కంది వద్దనున్న ఐ.ఐ.టి. యందును ఈ శాఖలు కలవు. తెలంగాణలో బైపీసీ చదివినవారికిని ఈ శాఖలో ప్రవేశమునకు కౌన్సెలింగు జరుగుట కలదు. నియమములు ఏటేట మారునవి గనుక ఆ యేటి ప్రకటనను స్వయముగా చదువవలెను, ఎవరో చెప్పినమాట నమ్మరాదు. పై చదువుల గేట్ పరీక్షలో 2020 నుండి ఈ శాఖకు ప్రత్యేక ప్రశ్నపత్రము ఏర్పడినది.

పని ఎక్కడ దొరకునని అడుగుదురు. పెద్ద ఆసుపత్రులలో పరికరముల విభాగము, పరికరములు తయారుచేయు కర్మాగారములు, పరీక్షాకేంద్రములు, అనుమతుల పత్రములు సిద్ధముచేయు సంస్థలు, పరిశోధనశాలలు, ఇవి ముఖ్యమైనవి. 2020 ఏప్రిలు నుండి వైద్యపరికరములన్నియు ఔషధముల చట్టము పరిధిలోనికి వచ్చుటచే, వానిని పరీక్షించి పత్రములు వ్రాయగలవారి అవసరము పెరిగినది. విశాఖపట్టణమున 2016లో స్థాపించిన మెడ్‌టెక్ జోన్ యందును, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూరు పారిశ్రామికవాడ యందును పరికరముల తయారీ సాగుచున్నది. అనగా ఈ పనికై సముద్రము దాటవలసిన అగత్యము లేదు.

ఆడపిల్లల తలిదండ్రులకు ఒక మనవి. ఈ విద్య ఆడపిల్లకు తగునా అని సంకోచింపకుడు. ఇందు కావలసినది కండబలము కాదు, శ్రద్ధ. కంటికి కనబడని స్వల్ప విద్యుత్తు యంత్రమునుండి రోగికి ప్రాకుచున్నదేమోయని ప్రతిదినము కొలిచి చూచు శ్రద్ధ. చర్మము మీద మనకు తెలియనైన తెలియని ఆ స్వల్ప విద్యుత్తు, గుండెలోనికి వేసిన గొట్టము ద్వారా పోయినచో ప్రాణము తీయగలదు. ఇంటిలో పొయ్యిమీది పాలు పొంగకముందే కనిపెట్టు తల్లులకు ఆ శ్రద్ధ విలువ నేను చెప్పనక్కరలేదు.

చివరగా కార్యవర్గమువారికి ఒక విన్నపము. ఈ రజతోత్సవ జ్ఞాపకార్థము ఒక బీరువాలో ఒక అర విద్యార్థులకై కేటాయింపుడు. అందు తేలిక భాషలోని శరీరశాస్త్ర గ్రంథమొకటి, విద్యుత్తు, ఎలక్ట్రానిక్స్ ప్రాథమిక గ్రంథములు రెండు, ప్రవేశపరీక్షల పాత ప్రశ్నపత్రములు, ఆ యేటి ప్రకటనలు, మంచి నిఘంటువు ఒకటి ఉంచుడు. వానితోపాటు చెడిపోయిన బి.పి. మిషను గాని, పాత రేడియో గాని ఒకటి బల్లమీద పెట్టి, విప్పి చూడుడని పిల్లలకు చెప్పుడు. ఎవడు విప్పునో, ఎవతె దానిని మరల కూర్చునో కనిపెట్టి చూచినచో, ఏ శాఖలో చేరవలెనను ప్రశ్నకు సగము సమాధానము ఆ బల్లమీదనే దొరకును.

గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి మన మండల ఆసుపత్రిలోని యంత్రములను ఈ ఊరి బిడ్డలే నడిపింతురు గాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.